ఉక్కు పిస్తోలును ప్లాస్టిక్ అచ్చు ఎలా వెనక్కి నెట్టింది

ఉక్కు దిమ్మెను చెక్కి ఒక భాగాన్ని తయారుచేయడానికి ఎన్ని మిషన్లు, ఎంత నైపుణ్యం, ఎంత సమయం కావాలో విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసే ఎవరిని అడిగినా చెబుతారు. పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేమ్, అంటే చేతిపట్టుతో కూడిన కింది చట్రం, ఉన్న పిస్తోళ్లకు ఆదరణ ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే జవాబు బరువు తక్కువ కావడమే అయినా, అంతకంటే బలమైన కారణం తయారీ విధానంలోనే ఉందని నా అభిప్రాయం. ఖరీదైన డై (అచ్చు) ఒక్కసారి సిద్ధమైతే, దాని నుంచి ఒకే కొలతల ఫ్రేములు వేల సంఖ్యలో వస్తాయి. ఉక్కు ఫ్రేముకు మాత్రం ప్రతిసారీ మిల్లింగ్ (మిషనుతో చెక్కే పని) మొదటి నుంచి చేయవలసిందే.

ఈ ఆలోచన పాలిమర్ పిస్తోలు అనగానే గుర్తొచ్చే ఆస్ట్రియా గ్లాక్‌తో పుట్టలేదు. 1970లోనే పశ్చిమ జర్మనీకి చెందిన హెక్లర్ అండ్ కోఖ్ సంస్థ వీపీ70 అనే పాలిమర్ ఫ్రేమ్ పిస్తోలును తెచ్చింది గానీ, దాని ట్రిగ్గర్ మరీ గట్టిగా ఉండడం వల్ల అది పెద్దగా నిలదొక్కుకోలేదు. అంతకుముందు తుపాకీ తయారుచేసిన అనుభవమే లేని గాస్టన్ గ్లాక్ రూపొందించిన పిస్తోలును 1982లో ఆస్ట్రియా సైన్యం ఎంచుకున్న తరువాతే పరిశ్రమ దృష్టి ఇటు మళ్లింది. 1911 నాటి కోల్ట్ ఉక్కు పిస్తోలు ఖాళీగానే సుమారు 1.1 కిలోలు తూగితే, గ్లాక్ 17 ఖాళీ మ్యాగజీన్‌తో (తూటాలు నింపే పెట్టెతో) కలిపి దాదాపు 700 గ్రాములే ఉంటుంది, పైగా అందులో 17 తూటాలు పడతాయి.

ఇంద్రకీలాద్రి మీద దసరా బందోబస్తు వంటి విధుల్లో గంటల తరబడి నిలబడే మనిషి నడుముకు ఈ తేడా బాగానే తెలుస్తుంది. చెమట, తేమ తగిలినా పాలిమర్‌కు తుప్పు పట్టదు, కృష్ణా తీరపు వాతావరణంలో అది చిన్న విషయం కాదు.

అయితే 'ప్లాస్టిక్ తుపాకీ' అన్న మాట వినగానే మొత్తం ప్లాస్టిక్ అనుకోకూడదు. బ్యారెల్ (గొట్టం), స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కి జారే పైభాగం) ఉక్కువే. స్లైడ్ జారే పట్టాలను కూడా ఉక్కుతో చేసి ఫ్రేములో పొదుగుతారు. విమానాశ్రయ తనిఖీల్లో ఇలాంటి పిస్తోళ్లు దొరకవన్న భయం అమెరికాలో వ్యాపించి, 1988లో లోహశోధక యంత్రాలకు చిక్కని ఆయుధాలను నిషేధించే చట్టం వరకు వెళ్లింది. గ్లాక్‌లో ఉన్న ఉక్కు పరిమాణాన్ని చూస్తే ఆ భయానికి ఆధారం లేదు.

తేలికదనానికి మూల్యం కూడా ఉంది. బరువు తగ్గేకొద్దీ కాల్చినప్పుడు చేతికి తగిలే ఎదురుతోపు పెరుగుతుంది; పాలిమర్ కొద్దిగా వంగి దానిలో కొంత భాగాన్ని పీల్చుకున్నా, పూర్తిగా పోగొట్టదు. అందుకే రోజంతా మోయనవసరం లేని పోటీ క్రీడాకారుల్లో కొందరు ఇప్పటికీ చెక్ రిపబ్లిక్‌కు చెందిన 1.3 కిలోల ఉక్కు పిస్తోలు షాడో 2ను ఇష్టంగా వాడుతుండగా, అమెరికా సైన్యం మాత్రం 2017లో పాలిమర్ గ్రిప్ (చేతిపట్టు) ఉన్న సిగ్ పీ320 పిస్తోలు వైపే మొగ్గింది.