పెద్దవాళ్ల భోజనం గురించి మాట్లాడుకునే చోట

అమెరికాలో అరవై దాటినవాళ్లకు మధ్యాహ్న భోజనం పెట్టడానికి ఒక చట్టం ఉందని, దాని కింద ఊరూరా వంటశాలలు నడుస్తున్నాయని ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. నేను ఆ వంటశాలల్లో ఒకదానికి డైటీషియన్‌ని. ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా ఏటా ఒకచోట చేరే సదస్సులు ఉన్నాయి. పెద్దవాళ్లకు భోజనం అందించే సంస్థల జాతీయ సంఘం మీల్స్ ఆన్ వీల్స్ అమెరికా ఒకటి నిర్వహిస్తుంది, నేషనల్ అసోసియేషన్ ఆఫ్ న్యూట్రిషన్ అండ్ ఏజింగ్ సర్వీసెస్ ప్రోగ్రామ్స్ ఇంకొకటి. రాష్ట్రాల స్థాయిలో జరిగేవి వేరే. మా రిజిస్ట్రేషన్ నిలవాలంటే అయిదేళ్లకు 75 శిక్షణ క్రెడిట్లు చూపించాలి, అందుకని డైటీషియన్లు ఎలాగూ వెళ్తారు. నేను మాత్రం క్రెడిట్లు నిండిన ఏడాది కూడా వెళ్తాను. పెద్దవాళ్ల తిండిని ఇంత పట్టుదలగా, ఇంత లోతుగా మాట్లాడుకునే చోటు నాకు ఇంకెక్కడా కనబడలేదు.

అక్కడికి వచ్చేది పెద్ద పెద్ద డాక్టర్లు కాదు. వంటశాల మేనేజర్లు, వ్యాన్లు నడిపించే సూపర్‌వైజర్లు, పెద్దవాళ్లు పగటిపూట చేరే సీనియర్ సెంటర్ల నిర్వాహకులు, కౌంటీ అధికారులు. వాళ్ల ప్రశ్నలన్నీ నేలమీదివే. చివరి ఇంటికి చేరేసరికి అన్నం ఎంత వేడిగా ఉంది? 135 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే దిగకూడదు, చల్లగా ఇచ్చే పాలు, పెరుగు 41 దాటకూడదు. మంచు తుఫాను వచ్చి మూడు రోజులు వ్యాన్ కదలకపోతే ఆ ముసలామె ఏం తింటుంది? దీనికి చలి రాష్ట్రాలవాళ్లు చలికాలం ముందే నిలవ ఉండే తిండి అట్టపెట్టెల్లో సర్ది పంచేస్తారు, బ్లిజార్డ్ బాక్స్ అంటారు. తలుపు కొడితే ఎవరూ పలకకపోతే డ్రైవర్ ఎంతసేపు ఆగాలి, ముందు ఎవరికి ఫోన్ చేయాలి? ఈ ఒక్క ప్రశ్న మీదే గంటసేపు చర్చ జరగడం చూశాను. ఎందుకంటే లోపల మనిషి కింద పడిపోయి ఉన్నారని మొదట కనిపెట్టింది భోజనం తెచ్చిన వలంటీరేనన్న సంగతి ఆ గదిలో చాలామందికి అనుభవం.

చట్టం సంగతి కొంచెం చెప్పాలి. ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్‌పై 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేశారు. భోజన కార్యక్రమాన్ని 1972లో అందులో చేర్చారు. వయసు 60 దాటితే చాలు, ఆదాయం ఎంతని అడగరు. భోజనం దగ్గర డబ్బు వేసే పెట్టె ఉంటుంది, ఇష్టమైతే వేయొచ్చు, వేయలేదని భోజనం ఆపకూడదు. భార్యకో భర్తకో అరవై నిండకపోయినా జంటగా వచ్చి తినొచ్చు. సెంటర్‌కు రాగలిగినవాళ్లు అందరితో కూర్చుని తింటారు, ఇల్లు కదలలేనివాళ్లకు ఇంటికే పంపిస్తారు. ఒక్కో భోజనంలో ఆ రోజుకు కావలసిన పోషకాల్లో కనీసం మూడో వంతు ఉండాలి. మా ఉద్యోగమంతా ఆ మూడో వంతు చుట్టూనే తిరుగుతుంది.

సదస్సులో నాకు బాగా ఉపయోగపడినవాటిలో పది ప్రశ్నల పట్టిక ఒకటి. డిటర్మిన్ చెక్‌లిస్ట్ అని ఈ రంగంలో అందరికీ తెలిసినదే. జబ్బు వల్ల తిండి మారిందా అన్నదానికి 2 మార్కులు. రోజుకు రెండు పూటలు కూడా తినకపోతే 3. కొనుక్కోవడానికి డబ్బు చాలకపోతే 4, అన్నిటికంటే ఎక్కువ. పళ్ల సమస్య, ఆరు నెలల్లో పది పౌండ్లు తగ్గడమో పెరగడమో, ఒక్కోదానికి 2. రోజుకు మూడు రకాలు లేదా అంతకన్నా ఎక్కువ మందులు 1, ఎక్కువసార్లు ఒంటరిగా తినడం 1. ఇంకా ఉన్నాయి. మొత్తం 6 గాని అంతకు మించిగాని వస్తే పోషణ విషయంలో ప్రమాదంలో ఉన్నట్టు.

మా గుడిలో పరిచయమైన ఒక పెద్దాయన గుర్తొచ్చారు ఆ పట్టిక చూస్తుంటే. తెనాలి దగ్గర పల్లె, టీచర్‌గా రిటైరయ్యారు, భార్య పోయాక కొడుకు దగ్గరికి వచ్చేశారు. కొడుకు, కోడలు మంచివాళ్లు. పొద్దున్నే ఆఫీసులకు వెళ్తూ కూర, పప్పు డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తారు.

"బాబాయిగారూ, మధ్యాహ్నం ఏం తిన్నారు?" అని అడిగాను.

"తిన్నానమ్మా, ఏదో ఒకటి. ఒక్కడి కోసం కంచం పెట్టుకోవాలంటే మనసొప్పదు. కాస్త మజ్జిగ కలుపుకుని కానిచ్చేస్తాను."

ఆయనకు లెక్క కట్టి చూశాను. షుగరు వల్ల తిండి మార్చుకున్నారు, 2. పళ్లు, 2. ప్యాంట్లు వదులైపోయేంత బరువు తగ్గారు, 2. మందులు 1, ఒంటరి భోజనం 1. మొత్తం ఎనిమిది. డబ్బు ప్రశ్నకు సున్నా. నాలుగు పడగ్గదుల ఇంట్లో, ఫ్రిజ్ నిండా తిండి ఉన్నా ఒక మనిషి పోషణ తగ్గి నీరసించి పోవచ్చు. మనవాళ్లు ఈ భోజనాలు బీదవాళ్లకోసమని, మనం వెళ్తే నామర్దా అని అనుకుంటారు. చట్టం అలా అనుకోలేదు. ఎవరికి ముందు అందాలో చెప్పేచోట పేదరికంతో పాటు భాష రాకపోవడం, తమవాళ్లు అనేవాళ్లు చుట్టూ లేకపోవడం కూడా రాశారు. బాబాయిగారికి డ్రైవింగ్ రాదు, ఇరుగుపొరుగుతో మాట్లాడేంత ఇంగ్లీషు రాదు. చట్టం చెప్పిన మనిషి ఆయనే.

ఆయన్ని దగ్గర్లోని ఒక సెంటర్‌కు పంపించాం. శాకాహారం అని ముందే చెప్పాం. ఒకరోజు చీజ్ శాండ్‌విచ్, ఇంకోరోజు పాస్తా, మర్నాడు మళ్లీ చీజ్. ఆయన మర్యాదకు కొన్నాళ్లు వెళ్లి మానేశారు. అక్కడివాళ్లు ప్రేమగానే చూశారు, అది నిజం. కానీ డెబ్భై ఏళ్లుగా అన్నం తిన్న మనిషి నీరసంగా ఉన్నప్పుడు కొత్త తిండి అలవాటు చేసుకోవాలని కోరడం న్యాయం కాదు. ఆకలే తక్కువైన వయసులో రుచి లేనిది నోటికి పోదు. పళ్లెంలో మిగిలిపోయిన ప్రోటీన్ ఎవరి ఒంటికీ పట్టదు.

అప్పటినుంచి సదస్సుల్లో నా ప్రశ్న ఒకటే: మా పెద్దవాళ్ల కంచం ఎలా ఉండాలి? జవాబుకు దారి చూపించినవాళ్లు అమెరికన్ ఆదివాసుల వంటశాలల నుంచి వచ్చిన ఆడవాళ్లు. 1978లో ఇదే చట్టంలో టైటిల్ 6 అనే భాగం చేర్చి తెగలు తమ పెద్దల భోజనాలు తామే నడుపుకునే వీలు కల్పించారు. వాళ్లతో ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడాను. బైసన్ మాంసం, వైల్డ్ రైస్, తమ నేల మీద పండే గుమ్మడి, బీన్స్. అవే వండుతూ మూడో వంతు లెక్క కూడా సరిపెడుతున్నారు. "మా పెద్దవాళ్ల తిండి మేం వండుతాం, పోషకాల లెక్క తర్వాత వేస్తాం" అన్నారొకామె. మేం చదువుకున్నది లెక్క ముందు వేయడం. ఆమె మాట నా పని పద్ధతినే మార్చింది.

ఇంటికొచ్చి మన భోజనానికి లెక్క వేశాను. ఒక కప్పు చిక్కగా ఉడికించిన మసూర్ పప్పులో దాదాపు 18 గ్రాముల ప్రోటీన్. రోజుకు ఆడవాళ్లకు 46, మగవాళ్లకు 56 గ్రాములనే ప్రమాణంలో మూడో వంతుకు అది అటూ ఇటూగా సరిపోతుంది. అయితే నీళ్ల పప్పుచారుకు ఈ లెక్క వర్తించదు, పప్పు గరిటె జారుగా కాక ముద్దగా ఉండాలి. బి12 మన శాకాహారులకు ముఖ్యమైన సమస్య, అందులోనూ షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు. ఒక కప్పు పెరుగు ఆ పూట వాటాను అందిస్తుంది. ఉప్పే అసలు ఇబ్బంది. రోజుకు 2,300 మిల్లీగ్రాముల సోడియం దాటకూడదంటే పూటకు 770 లోపే. ఆవకాయ, అప్పడం రెండూ పెడితే ఆ హద్దు నిలవదు. అందుకని ఆవకాయ స్థానంలో నిమ్మరసం పిండిన కొత్తిమీర పచ్చడి, ఉప్పు తగ్గించి గోంగూర పప్పు. గోంగూర పోషకాలు మేం లెక్కలు వేసే అమెరికన్ సాఫ్ట్‌వేర్‌లో నాకు దొరకలేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన భారతీయ ఆహార పట్టికల్లో 528 ఆహారాల వివరాలున్నాయి, అందులో దొరికింది. నేను చదువుకునే రోజుల్లో ఆ సంస్థ గేటు ముందునుంచి బస్సులో వెళ్లేదాన్ని. ఇక్కడ ఒక కౌంటీ మెనూ ఆమోదానికి ఆ పట్టిక ఆధారమైనప్పుడు నాకు కలిగిన సంతోషం మామూలుది కాదు.

సదస్సులో ఇది చెబితే అందరూ ఒప్పుకున్నారని కాదు. వంటశాల నడిపేవాళ్లకు నిజమైన కష్టాలున్నాయి. ఎనిమిది వందల భోజనాలు వండేచోట ఇరవై మందికి వేరే వంట అంటే మనిషి కావాలి, పొయ్యి కావాలి. వాళ్ల మాట కొట్టిపారేయలేం. కానీ 2020లో చట్టాన్ని సవరించినప్పుడు భోజనాలను సాధ్యమైనంతవరకు తినేవాళ్ల సంస్కృతికి, ఇష్టాలకు తగ్గట్టు మార్చాలని స్పష్టంగా రాశారు. దారులు కూడా ఉన్నాయి. కొన్నిచోట్ల స్థానిక రెస్టారెంట్లతో ఒప్పందం చేసుకుని పెద్దవాళ్లకు కూపన్లు ఇస్తున్నారు, మెనూను డైటీషియన్ పరిశీలిస్తారు. న్యూయార్క్ క్వీన్స్‌లో 2007లో మొదలైన ఇండియా హోమ్ సంస్థ దక్షిణాసియా పెద్దవాళ్లకు వాళ్ల తిండే పెడుతూ నడుస్తోంది. మా దగ్గర ఒక ఇండియన్ రెస్టారెంటుతో వారానికి ఒకరోజు మొదలుపెట్టాం. బాబాయిగారు వస్తున్నారు. ఆయన బల్ల దగ్గర ఒక గుజరాతీ జంట, కొరియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. ఎవరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఎవరైనా ఒక వారం రాకపోతే మిగతావాళ్లు నన్ను అడుగుతారు.

కలిసి తినడం, రోజూ ఎవరో ఒకరు తలుపు కొట్టడం ఎంత పని చేస్తాయో పరిశోధన కూడా చూపించింది. బ్రౌన్ యూనివర్సిటీలో కేలీ థామస్ బృందం 2015లో వెలువరించిన అధ్యయనంలో పెద్దవాళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు రోజూ వేడి భోజనం, ఒక గుంపుకు వారానికోసారి ఫ్రోజెన్ భోజనాలు, మూడోవాళ్లు వెయిటింగ్ లిస్టులోనే. దిగులు, ఒంటరితనం బాగా తగ్గాయి రోజూ మనిషి వచ్చినవాళ్లలో. ఎగ్జిబిషన్ హాల్లో ఫ్రోజెన్ ట్రేల కంపెనీలు ఎంత రుచిగా వండి చూపించినా ఈ సంగతి మరిచిపోకూడదని నేను గట్టిగా వాదిస్తాను. ఖర్చు తగ్గుతుందని వారానికోసారికి మార్చేస్తే మనం తీసేసేది భోజనం కాదు, ఆ వచ్చే మనిషిని.

డబ్బు టెన్షన్ ఈ రంగంలో ఎప్పుడూ ఉంది. 2025 మార్చిలో ఈ కార్యక్రమాలు చూసే ఫెడరల్ విభాగం అడ్మినిస్ట్రేషన్ ఫర్ కమ్యూనిటీ లివింగ్‌ను విడదీసి వేరే శాఖల్లో కలుపుతామని ప్రభుత్వం ప్రకటించాక ఆందోళన ఇంకా పెరిగింది. ఇలాంటి సమయంలో ఎవరెవరు, ఎంతమంది తింటున్నారన్న లెక్కే మాట్లాడుతుంది. మనవాళ్లు ఆ లెక్కలో లేరు.

అందుకని అమ్మానాన్నలు ఇక్కడ మీ దగ్గర ఉంటే ఒక ఫోన్ చేయండి. ఎల్డర్‌కేర్ లొకేటర్, 1-800-677-1116. మీ ప్రాంతంలో పెద్దవాళ్ల సేవలు చూసే ఏరియా ఏజెన్సీ ఆన్ ఏజింగ్ ఏదో చెబుతారు. అక్కడ రెండు సంగతులు అడగండి. ఒకటి, దగ్గర్లో భోజనం పెట్టే సెంటర్ ఏది, శాకాహారం ఏ రోజుల్లో, గుడ్డు కూడా తినరని స్పష్టంగా చెప్పండి. రెండు, ఆ ఏజెన్సీ తయారుచేసే ఏరియా ప్లాన్ మీద జనం మాట వినే పబ్లిక్ హియరింగ్ ఎప్పుడు. రాబోయే ఏళ్లలో ఎవరికి ఏ భోజనం అన్నది ఆ ప్లాన్‌లోనే తేలుతుంది. ఆ తేదీని గుడిలోనూ తెలుగు సంఘం వాట్సాప్‌లోనూ పెట్టండి. ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే చెప్పండి. పెద్దవాళ్లను కార్లలో తీసుకెళ్లండి, మధ్యాహ్నం వాళ్లేం తింటున్నారో వాళ్లనే తెలుగులో చెప్పనివ్వండి.