బెల్టు తీసి చూద్దాం, మేస్త్రీ

నెల్లూరు ఆటోనగర్‌లో ఈ రోజు మా పాత పికప్ బండిని చూసిన మేస్త్రి, బానెట్ ఎత్తిన కాసేపటికే టైమింగ్ చైను అయిపోయిందని తేల్చేశారు. పొడవాటి స్క్రూడ్రైవర్ కొసను ఇంజన్ ముందు కవరుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని విని, "చైను సాగిందబ్బయా, ముందు కవరు విప్పాల్సిందే. చైను, టెన్షనర్, గైడ్లు మొత్తం మార్చాల. ఆలస్యం చేస్తే ఇంజనే పోతాది" అన్నారు. సామాన్లకూ కూలికీ కలిపి ఆయన చెప్పిన మొత్తం విని మా నాయన నా వైపు చూశారు.

మేస్త్రి భయం ఉత్తది కాదు. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోగా, గాలీ పొగా పోయే వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఒక్క చుట్టే తిరగాలి. ఆ లెక్క తప్పకుండా రెంటినీ కలిపి ఉంచేది ఈ చైనే. సైకిలు చైనులాగే లింకుల మధ్యనున్న పిన్నులూ బుష్షులూ అరిగి, ఒక్కొక్క చోట వచ్చిన వెంట్రుకవాసి సందులన్నీ కూడి చివరకు చైను పొడవు పెరుగుతుంది. ఆ వదులును కొంతవరకు టెన్షనర్ సర్దుకుంటుంది. దానికీ అందనంత వదులై చైను పళ్లు దాటితే, వాల్వులు తెరుచుకోవలసిన వేళ తప్పుతుంది. డీజిల్ ఇంజన్లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు చాలా తక్కువ గనుక, తెరిచి ఉన్న వాల్వును అది గుద్దిందంటే ఖర్చు చైనుతో ఆగదు.

అయితే మా బండి చేసేది రెండు రకాల శబ్దం. ఉదయం చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేయగానే ముందు వైపున గలగలమని ఒక చప్పుడు వచ్చి, కొద్ది సెకన్లలో ఆగిపోతుంది. మా బండిలో టెన్షనర్ పనిచేసేది ఆయిల్ ఒత్తిడి మీద. రాత్రంతా నిలిచిన ఇంజన్లో ఆయిల్ కిందికి దిగిపోయి ఉంటుంది కాబట్టి, ఒత్తిడి మళ్లీ ఎక్కేదాకా పాత చైను కొంచెం కొట్టుకోవడం వింత కాదు. రెండోది గరగరమనే రొద. ఇంజన్ వేడెక్కినా అది పోదు, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ పెరుగుతుంది. మేస్త్రి చెవిన పడింది ఈ రెండోదే.

పొదలకూరు మార్కెట్‌కు నిమ్మకాయల బస్తాలు వేసుకొని చీకటితో బయలుదేరిన రోజుల్లో ఆ రొద బరువుగా వినిపించి, తెల్లవారి హెడ్‌లైట్లు ఆర్పాక కాస్త పలచబడేది. వేకువన రోడ్డు మీద అలికిడి ఉండదు కాబట్టి అలా అనిపిస్తోందేమోనని, మొన్నొక సాయంత్రం బండిని ఇంటి ముందే నిలబెట్టి, లైట్లు వేస్తూ ఆర్పుతూ విన్నాను. తేడా స్పష్టంగా ఉంది. లైట్లు వేస్తే కరెంటు పుట్టించే డైనమో మీద భారం పడుతుంది, దాన్ని తిప్పడానికి ఫ్యాన్ బెల్టు మరింత బలంగా లాగాల్సి వస్తుంది. టైమింగ్ చైనుకూ హెడ్‌లైట్లకూ ఏ సంబంధమూ లేదు. పైగా సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంటోంది, పొగ లేదు, నిండు లోడుతో ఎగువ ఎక్కేటప్పుడు లాగుడు తగ్గలేదు. వాల్వుల వేళ తప్పిన ఇంజన్ ఇంత మర్యాదగా నడుచుకోదు.

ఇదంతా మేస్త్రితో ఎలా అనాలన్నదే ఇబ్బంది. మా నాయన నన్ను పక్కకు పిలిచి, "ఆయనతో వాదం పెట్టుకోబాక. రేపు దారిలో బండి ఆగితే వచ్చేది ఆయనే" అన్నారు. అదీ నిజమే గనుక లైట్ల సంగతి చెప్పి, "మేస్త్రీ, కవరు విప్పేముందు ఫ్యాన్ బెల్టు తీసి ఒక్కసారి స్టార్ట్ చేద్దామా?" అని మాత్రం అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. చేతులు గుడ్డకు తుడుచుకొని, "ఒరేయ్, పానా తేరా" అని కుర్రవాడిని కేకేశారు.

బెల్టు లేకపోతే వాటర్ పంపు కూడా తిరగదు కాబట్టి ఇంజన్‌ను అర నిమిషానికి మించి నడపలేదు. ఆ అర నిమిషంలో గరగర లేదు. మేస్త్రి తానే రెండు మూడు సార్లు యాక్సిలరేటర్ లాగి, తల వంచి విని, ఇంజన్ ఆపారు. వాటర్ పంపు పుల్లీని చేత్తో తిప్పితే నున్నగా తిరిగింది. డైనమో పుల్లీ మాత్రం వేళ్లకు బరబరమని తగులుతూ తిరగడమే కాక, పట్టుకొని కదిపితే అటూ ఇటూ ఆడింది. డైనమో బ్రాకెట్టును ఇంజన్‌కే, ముందు కవరుకు పక్కనే బిగించారు. ఇనుము గుండా ఆ రొద కవరు దాకా పాకింది. స్క్రూడ్రైవర్ పరీక్ష మంచిదే, కానీ ఒక్కచోట విని తేల్చకుండా డైనమో మీదా పంపు మీదా ఆనించి, ఎక్కడ గట్టిగా వినిపిస్తుందో పోల్చుకుంటేనే దానికి విలువ.

"డైనమో బేరింగే. అయినా చైను బాగుందని నేను చెప్పడంలా" అన్నారు మేస్త్రి. ఆ మాటకు నేను అడ్డు చెప్పలేదు. ఉదయపు గలగల ఇంకా అలాగే ఉంది, దానికి డైనమో బాధ్యత లేదు. అందుకని బండిని రాత్రికి షెడ్డులోనే ఉంచి, రేపు పొద్దున చల్లటి ఇంజన్‌ను ఆయనే స్టార్ట్ చేసి వినేటట్టు మాట్లాడుకున్నాం. చప్పుడు వెంటనే ఆగిపోతే ఆయిలూ ఫిల్టరూ మార్చి వదిలేయడం. సాగుతూ ఉంటే అప్పుడు కవరు విప్పి, టైమింగ్ గుర్తులు కలుస్తున్నాయో లేదో, టెన్షనర్ పిన్ను ఎంత బయటికి వచ్చి ఉందో నా కళ్లెదుటే చూడడం.

డైనమోను విప్పి బేరింగు కోసం ఎలక్ట్రికల్ షాపుకు పంపారు. బ్రేకులకు కావలసిన వాక్యూమ్ పంపు కూడా దాని వెనకాలే ఉంటుంది గనుక అది లేకుండా బండిని కదిలించే ప్రసక్తే లేదు. మేమిద్దరం బస్సులో ఇంటికి బయలుదేరాం. దారిలోనే మా నాయన నా ఫోను తీసుకొని, రేపటి కాయ కోత ఆపమని కూలీలకు చెప్పారు.