చివరి పేజీ ముందుగా రాశాం

ఎంబీబీఎస్‌లో చేరిన మొదటి ఏడాదే మాకు ఒక్కొక్కరికి కొన్ని కుటుంబాలను అప్పగించారు. ఫ్యామిలీ అడాప్షన్ కార్యక్రమం అంటారు. నా వంతు వచ్చిన ఇళ్లలో ఒకటి మహబూబ్‌నగర్ నుంచి హన్వాడ వెళ్లే దారికి కాస్త లోపలున్న ఊళ్లో ఉంది. వేపచెట్టు పక్కన రెండు గదుల రేకుల ఇల్లు. వెళ్లినప్పుడల్లా బీపీ చూసి, బరువు రాసుకుని, వాళ్లిచ్చిన చాయ్ తాగి వచ్చేదాన్ని. నాలుగోసారి వెళ్లినప్పుడు ఆ ఇంటి కోడలు నన్ను సాగనంపే నెపంతో గేటు దాకా వచ్చింది. అత్తకు వినపడకుండా గొంతు తగ్గించి, "చెల్లె, తెల్లబట్ట బాగా అవుతోంది. పట్నంలో చూపించుకుంటే గర్భసంచి తీసేయాలన్నారు, ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుందట. చిట్టీ పాడుకుని ఎండాకాలం పోదామనుకుంటున్నా" అంది. ఆమెకు 34 ఏళ్లు.

నాకు జవాబు తెలియలేదు. తొందరపడవద్దక్కా, అడిగి చెబుతాను అని మాత్రం అన్నాను. మరునాడు కమ్యూనిటీ మెడిసిన్ మేడంను అడిగాను. తెల్లబట్ట చాలాసార్లు ఇన్‌ఫెక్షన్ వల్ల అవుతుందని, లోపల చూడకుండా, పరీక్షలు చేయకుండా గర్భసంచి మాటే ఎత్తకూడదని చెప్పారు. గర్భసంచి ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ ముందు వరుసలో ఉన్నాయని అప్పుడే విన్నాను. చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పూ పెరుగుతుంది. మట్టి తట్ట మోసి బతికే మనిషికి ఒంట్లో బలమే ఆస్తి. దానిని కూడా చిట్టీ డబ్బు కట్టి పోగొట్టుకోవాలా అనిపించి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మార్చి 8 మహిళా దినోత్సవం కలిసివచ్చేలా వారం రోజులు ఆ ఊళ్లోనే ఆడవాళ్ల ఆరోగ్యం కోసం కార్యక్రమం చేద్దామని మా బ్యాచ్‌లో కొందరం అనుకున్నాం. దరఖాస్తు రాసి మేడం ముందు పెట్టాం. ర్యాలీ, ఉపన్యాసాలు, రక్త పరీక్షలు, క్యాన్సర్ పరీక్షలు, ముగింపు సభ, అన్నీ రాశాం. ఆమె ఎర్ర పెన్నుతో రెండే చోట్ల గీత పెట్టారు. ఒకటి, పరీక్షలు మేమే చేస్తామన్నట్టు రాసిన చోట. విద్యార్థులు సాయం చేయాలి తప్ప చికిత్స చేయకూడదు, డాక్టరు పక్కన లేనిదే ఎవరినీ ముట్టుకోవద్దన్నారు. రెండోది, ముగింపు సభ దగ్గర. "రక్తం తక్కువుందని తేలిన మనిషి మరునాడు ఎక్కడికి వెళ్తుంది? ఎవరు తీసుకెళ్తారు? ఆటో కిరాయి ఎవరిస్తారు? ముందు అది రాసుకుని రండి. ఆ చివరి పేజీ లేకుండా నేను సంతకం పెట్టను" అన్నారు.

ఆ పేజీ రాయడానికే మాకు మూడు వారాలు పట్టింది. పెద్ద రిజిస్టరులో అడ్డంగా గడులు గీశాం: పేరు, ఇంటి గుర్తు, ఏం తేలింది, ఎక్కడికి పంపాలి, ఏ రోజు, తోడు ఎవరు, వెళ్లిందా, మళ్లీ ఎప్పుడు. ఒక్కో గడికీ ఒక్కో మనిషిని ఒప్పించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారు ఐరన్ మాత్రలకు మాట ఇచ్చారు. జిల్లా వైద్యాధికారి కార్యాలయం నుంచి అనుమతి వచ్చింది. పెద్దాసుపత్రిలో స్త్రీల విభాగం వాళ్లు మా జాబితా పట్టుకుని వచ్చిన వాళ్లను నిలబెట్టకుండా చూస్తామన్నారు. రోజు మంగళవారం అనుకున్నాం. 2023 మార్చి 8న రాష్ట్రంలో మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో ఆడవాళ్ల పరీక్షలకు పెట్టిన రోజు అదే. ఆటోల కోసం చందాలు వేసుకున్నాం. ఈ పని అంతా పూర్తయ్యాకే బ్యానరు సంగతి ఆలోచించాం.

రక్త పరీక్షకు డిజిటల్ మీటరు ఒకటి దొరికింది కానీ స్ట్రిప్పులు కొద్దిగానే ఉన్నాయి. వాటిని అనుమానం వచ్చిన వాళ్ల కోసం దాచి, మిగతా అందరికీ మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో నేర్చుకున్న శాలీ పద్ధతే వాడాలనుకున్నాం. గాజు గొట్టంలో పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయాలి. వేలి కొసన లాన్సెట్ అనే చిన్న సూదితో గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి, తర్వాతి చుక్క నుంచి పిప్పెట్‌తో 0.02 మిల్లీలీటర్ల రక్తం తీసి అందులో కలపాలి. పది నిమిషాల్లో అది గోధుమ రంగుకు తిరుగుతుంది. తర్వాత డిస్టిల్డ్ వాటరు చుక్క చుక్కగా వేస్తూ, పక్కనున్న గాజు పలక రంగుతో సరిపోయేదాకా కలుపుతూ పోవాలి. రెండు రంగులూ కలిసిన చోట గొట్టం మీది అంకె చదవాలి. తొందరపడి రెండు చుక్కలు ఎక్కువ వేస్తే లేని రక్తం ఉన్నట్టు లెక్క వస్తుంది. వారం పాటు రోజూ సాయంత్రం ల్యాబులో ఒకరి వేలు ఒకరం గుచ్చుకుని చేతులు కుదురు చేసుకున్నాం.

మొదటి రోజు ఉదయం పది గంటలకు బడిలో కుర్చీలు వేసి కూర్చున్నాం. పదకొండున్నర దాకా వచ్చింది నలుగురు, నలుగురూ ముసలివాళ్లే. ఊళ్లో ఆడవాళ్లందరూ చెరువు పూడికతీతకు, ఉపాధి హామీ పనికి పోయారు. తెల్లవారి ఆరింటికి వెళ్లి, ఎండ ముదిరాక ఇల్లు చేరి, వంట చేసుకుని, గేదెల పని చూసుకునేవాళ్లను పదింటికి రమ్మంటే ఎలా వస్తారు? ఊరి ఆశా కార్యకర్త, మేం ఆశా అక్క అనేవాళ్లం, ఆ మాట పదిరోజుల ముందే చెప్పిందట. మాలో ఎవరూ రాసుకోలేదు. అంతకంటే బాధ కలిగించిన సంగతి ఆ వారంలో మరొకటి లేదు.

ఆ మధ్యాహ్నమే అంతా మార్చేశాం. బడిలో సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు కూర్చున్నాం కానీ రక్త పరీక్ష అక్కడ కుదరలేదు. బల్బు పసుపు వెలుతురులో గోధుమ రంగులు రెండూ ఒకటిగానే కనిపించాయి, ఒకే మనిషికి ఇద్దరం రెండు అంకెలు చదివాం. శాలీ పద్ధతికి పగటి వెలుతురు కావాలి. అందుకని మరునాటి నుంచి ఉపాధి హామీ పని చూసే ఫీల్డ్ అసిస్టెంటుతో మాట్లాడి పొద్దున్నే చెరువు దగ్గరికే వెళ్లాం. కట్ట మీద తుమ్మచెట్టు కింద బల్ల, బల్ల మీద గొట్టాలు, గాలికి దుమ్ము పడకుండా చుట్టూ అట్టపెట్టెలు. తట్ట దించి, చెంగుతో చేయి తుడుచుకుని ఒక్కొక్కరు వచ్చి వేలు చాచేవారు. ఆ వేళ్లు బిరుసెక్కి ఉండేవి. లాన్సెట్ ఒక్కోసారి లోపలికి దిగేది కాదు, ఉంగరం వేలి పక్కగా మెత్తటి చోటు వెతుక్కోవలసి వచ్చేది.

గొట్టం ఆకాశానికి ఎత్తిపట్టి చూస్తుంటే ఒకామె లెక్క 6.8 దగ్గర ఆగింది. నమ్మలేక స్ట్రిప్పుతో చూశాం, అదే చెప్పింది. గర్భిణి కాని ఆడవాళ్లకు డెసిలీటరు రక్తంలో 12 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి, 8 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత. ఆమె అప్పటికే పొద్దుటి నుంచి తట్టలు మోసి వచ్చింది. ఆయాసం లేదా అని డాక్టరు గారు అడిగితే, "ఎవరికి లేదు సారూ" అంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత అని తేలిన సంగతి పరీక్ష కోసం కంఠస్థం చేశాను. ఎవరికి లేదు అన్న ఆ మాటతో అది అర్థమైంది.

మాత్రల గురించి వాళ్లు చెప్పిందే ఎక్కువ విన్నాం. గర్భంతో ఉన్నప్పుడు ఇచ్చినవి సగం అటక మీదే ఉండిపోయాయట. వేసుకుంటే వికారం, పైగా విరేచనం నల్లగా అవుతుందని భయపడి మానేశారు. నలుపు ఐరన్ వల్లే, భయం లేదని, వికారంగా ఉంటే అన్నం తిన్నాక వేసుకోవచ్చని, చాయ్‌తో మాత్రం వేసుకోవద్దని, నిమ్మరసం తోడైతే ఐరన్ బాగా ఒంటబడుతుందని డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. సజ్జ రొట్టె, తోటకూర, పల్లీ పట్టీ వాళ్లకు కొత్తవి కావు, వాటి పేర్లే చెప్పాం.

ఇక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష. దానికి పల్లె దవాఖానాలో ఒక గది ఇచ్చారు. కిటికీకి తెర లేదు, తలుపుకు గడియ లేదు, ఎదురుగా అరుగు మీద మగవాళ్లు కూర్చుంటారు. మొదటి రోజు ఒక్కరూ లోపలికి రాలేదు. అక్కడి నర్సు ఏఎన్ఎం అమ్మ ఇంటి నుంచి రెండు ముదురు రంగు చీరలు తెచ్చి కిటికీకి కట్టింది. వడ్రంగిని పిలిచి గడియ పెట్టించాం. మా బ్యాచ్ అబ్బాయిలు తమంతట తామే ఆ వైపు నుంచి తప్పుకుని, బడిపిల్లల పని, రిజిస్టరు పని తీసుకున్నారు. అయినా ఎవరూ కదలలేదు. అప్పుడు ఆశా అక్క చెప్పులు విడిచి, "ముందు నాకు చేయండి మేడం" అని లోపలికి నడిచింది. పది నిమిషాల్లో బయటికొచ్చి, నొప్పి లేదు, సిగ్గూ లేదు అని చెప్పింది. ఆ సాయంత్రం చీకటి పడేదాకా వరుస తగ్గలేదు.

పరీక్ష చూడటానికి చాలా చిన్నది. స్త్రీల వైద్యురాలు పలచటి అసెటిక్ ఆమ్లంలో ముంచిన దూదిని గర్భాశయ ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగుతారు. మార్పు ఉన్న చోట తెల్లని మచ్చ కనిపిస్తుంది. మచ్చ ఉందంటే క్యాన్సర్ అని కాదు, మరింత దగ్గరగా చూడాలని అర్థం. ముందే పట్టుకుంటే గర్భసంచి తీయకుండానే నయం చేయవచ్చు. 30 ఏళ్లు దాటిన వాళ్లకే చేశాం. కూతుళ్లను తీసుకొచ్చిన తల్లులకు ఈ క్యాన్సర్ రాకుండా 9–14 ఏళ్ల ఆడపిల్లలకు ఇచ్చే హెచ్‌పీవీ టీకా గురించి మేడం చెప్పారు.

గేటు దగ్గర నన్ను అడిగిన అక్క ఐదో రోజు వచ్చింది. నేను బయటే నిలబడ్డాను. ఆమెకున్నది ఇన్‌ఫెక్షన్, ముఖద్వారం శుభ్రంగా ఉంది. ఆమెకూ, హైదరాబాదులో మేస్త్రీ పని చేసే భర్తకూ మందులు రాశారు. చిట్టీ డబ్బు ఏం చేస్తావని ఆశా అక్క అడిగితే, గేదె కొంటానంది.

వారం అయిపోయినా రిజిస్టరు అయిపోలేదు. 6.8 ఉన్నామెను మర్నాడే పెద్దాసుపత్రిలో చేర్చారు. మూడు మంగళవారాలు వంతులు వేసుకుని ఆటోలో వెళ్లాం. తెల్లమచ్చ కనిపించిన ఇద్దరిలో ఒకరికి ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూసే కాల్పోస్కోపీ అయింది, భయపడాల్సింది లేదన్నారు. రెండో ఆమె తన మంగళవారం రాకముందే భర్తతో కలిసి పుణె పనికి వెళ్లిపోయింది. ఫోను పలకడం లేదు. ఆమె ఆడపడుచుతో ఆశా అక్క మాట్లాడింది. పీర్ల పండుగకు తప్పకుండా వస్తారట, ఏటా వస్తారట. ఆ గడిలో పెన్సిలుతో పీర్ల పండుగ అని రాసి పెట్టాను. మాకు పరీక్షలు అదే నెలలో. అయినా ఆటో మాట్లాడింది నేనే, తోడు వెళ్లేదీ నేనే.