అకూస్టిక్ గిటార్ ఒక్కదానిపై జాజ్: ఇప్పటిదాకా చేతికి చిక్కింది

"ఆటమ్ లీవ్స్" అనే పాట ఇప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా వాయించగలుగుతున్నాను. పాడే గొంతు లేకుండా, వెనకాల ఎవరూ లేకుండా, మెలొడీ (పాట బాణీ), కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుత్తులు), బేస్ (అడుగున నడిచే మంద్ర స్వరాలు) మూడూ ఒకే గిటార్‌లో వినిపించేలా. వేగం తక్కువే. చివరి ఎనిమిది బార్ల (బార్ అంటే నాలుగు బీట్ల ముక్క) దగ్గర చెయ్యి ఇంకా తడబడుతోంది. ఇక్కడిదాకా ఏవేవి పనికొచ్చాయో రాసి పెడుతున్నాను, ఇదే పనిలో ఉన్నవాళ్లకు కొంత తిప్పలు తప్పుతాయి.

జోసెఫ్ కోస్మా 1945లో కట్టిన బాణీ ఇది. అసలు ఫ్రెంచ్ పాట, తర్వాత జాజ్ వాళ్లు సొంతం చేసుకున్నారు. మొత్తం 32 బార్లు. మొదటి ఎనిమిది బార్లే రెండోసారి కూడా వస్తాయి కాబట్టి అవి చేతికి వస్తే సగం పాట వచ్చినట్టే. అంతకన్నా పెద్ద సౌకర్యం ఇంకోటి ఉంది. ఆ ఎనిమిది బార్లలో మెలొడీ ఎక్కడెక్కడ నిలబడుతుందో అక్కడల్లా దాదాపుగా ఆ కార్డ్‌లోని మూడో స్వరం మీదే నిలబడుతుంది. అంటే కార్డ్ మేజరా మైనరా (కార్డ్స్‌లో రెండు ముఖ్య రకాలు) అన్నది మెలొడీయే చెప్పేస్తుంది. మన వేళ్లకు అంత పని తగ్గుతుంది.

ఎక్కువ రోజులు పట్టింది కీ, అంటే పాట ఏ స్వరం ఆధారంగా నడవాలో, తేల్చుకోవడానికే. ఈ పాట ఇ మైనర్‌లోనూ దొరుకుతుంది, జి మైనర్‌లోనూ దొరుకుతుంది. ఓపెన్ తీగలు (వేలితో నొక్కకుండా మోగేవి) కలిసొస్తాయి కదా అని ఎవరికైనా ముందు ఇ మైనరే సులువనిపిస్తుంది. కానీ ఒంటరిగా వాయించేటప్పుడు చూడాల్సింది కార్డ్స్ ఎంత సులువని కాదు, మెలొడీ ఎక్కడ పడుతుందని. ఇ మైనర్‌లో కింది ఆక్టేవ్ (స్థాయి) పట్టుకుంటే 6వ బార్‌లో మెలొడీ 5వ తీగ (సన్న తీగ 1వది, లావు తీగ 6వది) దాకా దిగిపోయి బేస్‌తో కలబడుతుంది. పై ఆక్టేవ్‌కి వెళ్తే 7, 8 ఫ్రెట్ల (మెడ మీది లోహపు గీతల మధ్య గళ్ల) దాకా చిటికెనవేలు సాగదీయాలి. జి మైనర్‌లో ఈ గొడవ లేదు. మెలొడీ నిలబడే నాలుగు స్వరాలు ఇ ఫ్లాట్, డి, సి, బి ఫ్లాట్ (ఫ్లాట్ అంటే ఒక ఫ్రెట్ కింద, షార్ప్ అంటే ఒక ఫ్రెట్ పైన). మొదటి మూడూ 2వ తీగపై 4, 3, 1 ఫ్రెట్లలో, చివరిది 3వ తీగపై 3వ ఫ్రెట్‌లో. కింద బేస్‌కి కావలసినంత జాగా.

నేను వాడుతున్న పట్లు ఇవి. లావు తీగ నుంచి సన్న తీగ వైపు చదవాలి, అంకె నొక్కాల్సిన ఫ్రెట్, 0 అంటే ఓపెన్ తీగ, గీత ఉన్నచోట ఆ తీగ మోగకూడదు.

సి మైనర్ 7: –, 3, 5, 3, 4, –
ఎఫ్ 7: 1, –, 1, 2, –, –
బి ఫ్లాట్ మేజర్ 7: –, 1, 3, 2, 3, –
ఇ ఫ్లాట్ మేజర్ 7: –, –, 1, 3, 3, –
ఎ మైనర్ 7 ఫ్లాట్ 5: –, 0, 1, 0, 1, –
డి 7: –, –, 0, 2, 1, –
జి మైనర్ 7: 3, –, 3, 3, –, –

డి 7లో ముఖ్యమైన ఎఫ్ షార్ప్ లేదేమిటని అడగొచ్చు. ఆ బార్ చివర మెలొడీ డి, ఇ, ఎఫ్ షార్ప్ అని ఎక్కుతుంది, అదీ 4వ తీగ మీదే: 0, 2, 4. కార్డ్‌లో పెట్టని స్వరాన్ని మెలొడీ తెచ్చిపెడుతుంది. ఇలాంటివి కనిపించాకే ఆరు తీగలూ నింపాలనే తాపత్రయం పోయింది. మూడు స్వరాలు చాలు, కొన్నిచోట్ల రెండే చాలు.

రెండే చాలు అన్నదానికి మొదటి బారే ఉదాహరణ. అక్కడ మెలొడీ ఇ ఫ్లాట్ మీద నిలబడి ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటార్ అయితే ఆంప్ (ధ్వని పెంచే పెట్టె) సాయంతో స్వరం సాగుతుంది. అకూస్టిక్‌లో మీటిన కాసేపటికే సన్నబడిపోతుంది. ఆ ఖాళీని బేస్ నడకతో నింపుతున్నాను. చిటికెనవేలు 2వ తీగ 4వ ఫ్రెట్‌పై కదలకుండా ఉంటుంది. దాని కింద కుడి బొటనవేలితో నాలుగు బీట్లు: సి (5వ తీగ, 3), బి ఫ్లాట్ (5వ తీగ, 1), జి (6వ తీగ, 3), జి ఫ్లాట్ (6వ తీగ, 2). తర్వాతి బార్ మొదటి బీట్‌కి ఎఫ్ (6వ తీగ, 1). ఎడమచేతి చూపుడువేలు 1వ ఫ్రెట్‌కి, మధ్యవేలు 2కి, ఉంగరపువేలు 3కి, చిటికెనవేలు 4కి. ఎవరి ఇల్లు వారిదే, చెయ్యి జరగక్కర్లేదు. మధ్యలో కార్డ్ అంటూ ఏమీ లేదు, అయినా లోటు తెలియదు. రోజూ ముందు ఈ ఒక్క బార్ వాయించాకే మిగతాది మొదలుపెడుతున్నాను.

కుడిచేతికి పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) మానేశాను. బొటనవేలు బేస్‌కి, చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు పై తీగలకు. పిక్‌తో గీస్తే స్వరాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. వేళ్లతో లాగితే నాలుగూ ఒక్కసారే పడతాయి. చిక్కల్లా మెలొడీని పైకి తేవడంలోనే. సి మైనర్ 7 పట్టు పట్టి, నాలుగు తీగలూ ఒకేసారి మీటుతూ, ఉంగరపువేలు మీటే 2వ తీగ ఒక్కటే గట్టిగా పలికేలా సాధన చేస్తున్నాను. చెప్పినంత తేలిక కాదు. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే తప్ప తేడా తెలియదు, వాయిస్తున్నప్పుడు మన చెవి మనల్ని మోసం చేస్తుంది. సౌండ్ హోల్ మీద కాకుండా, ఫ్రెట్‌బోర్డ్ చివరికి దగ్గరగా మీటితే గొంతు గుండ్రంగా వస్తుంది.

మెట్రోనోమ్‌ని (లయకు క్లిక్ కొట్టే పరికరం) నిమిషానికి 50కి పెట్టి, ఆ క్లిక్ 2, 4 బీట్లని అనుకుని వాయిస్తున్నాను. అంటే అసలు వేగం 100. మొదట్లో క్లిక్ కాస్తా 1వ బీట్‌లోకి జారిపోతూ ఉంటుంది. గిటార్ పక్కన పెట్టి నోటితో లెక్కపెట్టడం అలవాటయ్యాకే చేతికి వచ్చింది.

తీగలు 12 సెట్ తీసేసి కాస్త సన్నవైన 11 వేశాను. అకూస్టిక్ సెట్లలో సాధారణంగా 3వ తీగకు కూడా సన్నని లోహపు తీగ చుట్టి ఉంటుంది కాబట్టి పట్టు మారేటప్పుడల్లా కీచుమంటుంది. వేలిని తీగ వెంట ఈడ్చకుండా నిటారుగా ఎత్తి జరిపితే చాలావరకు తగ్గింది. ఒకటో ఫ్రెట్ పట్లు మరీ కష్టంగా ఉంటే వేళ్లను తిట్టుకునే ముందు నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) మీది గాడుల ఎత్తు చూపించుకోండి.

పక్కన ఇంకో పాట కూడా నడుస్తోంది, కెనీ డోర్హమ్ కట్టిన "బ్లూ బోసా". 16 బార్లే. బొటనవేలికి స్వతంత్రం రావడానికి ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు. సి మైనర్ 7లో బేస్ 5వ తీగ 3వ ఫ్రెట్, తర్వాత అదే ఫ్రెట్‌లో 6వ తీగ, మళ్లీ 5వది. పైన మెలొడీ ఎటు పోయినా బొటనవేలు తన దారిన తను పోతుండాలి.

ఇక "ఆటమ్ లీవ్స్" చివరి ఎనిమిది బార్లు. అక్కడ రెండు బార్లలో బార్‌కి రెండేసి కార్డ్స్, బేస్ ఒక్కో ఫ్రెట్ దిగుతూ వస్తుంది (లావు వైపు నాలుగు తీగలే రాశాను): జి మైనర్ 7 (3, –, 3, 3), జి ఫ్లాట్ 7 (2, –, 2, 3), ఎఫ్ మైనర్ 7 (1, –, 1, 1), ఇ 7 (0, –, 0, 1). ఇంకో మెట్టు దిగితే ఇ ఫ్లాట్, కానీ అక్కడికి గిటార్ అయిపోయింది. 4వ తీగ 1వ ఫ్రెట్‌కి గెంతడం ఒక దారి. ఇంకో దారి మొదటి నుంచే 5వ తీగ మీద 10వ ఫ్రెట్‌లో మొదలుపెట్టి 6 దాకా దిగడం: –, 10, 8, 10 నుంచి –, 6, 5, 7 దాకా. రెండోదాంట్లో బేస్ తెగకుండా నడుస్తుంది, కానీ మెలొడీ కోసం చిటికెనవేలిని పైకి పంపాలి. ప్రస్తుతానికి ఒకసారి అలా, ఒకసారి ఇలా వాయించి రికార్డు చేస్తున్నాను. వినడానికి రెండోదే బాగుంది, చెయ్యి మాత్రం మొదటిదానికే మొగ్గుతోంది.