కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ నేను రోడ్డు మీద లేను

పోయిన నెల నాన్నని లివర్‌మోర్ గుడికి తీసుకెళ్ళి ఫ్రీమాంట్ ఇంటికి తిరిగొస్తున్నా, కాలిఫోర్నియాలో 680 హైవే మీద సునోల్ దాటాం, కార్లో స్పీడ్ చూసుకునే క్రూజ్, గీతల మధ్య నడిపే లేన్ అసిస్ట్ రెండూ ఆన్‌లో ఉన్నాయి. స్టీరింగ్ మీద చేతులున్నాయి, ఫోన్ జేబులో ఉంది, కళ్ళు ముందుకే ఉన్నాయి, అంటే మాన్యువల్లో చెప్పినవన్నీ చేస్తున్నట్టే. అక్కడ రోడ్డు పని జరుగుతోంది, పాత తెల్ల గీతలు గీకేసి పక్కన కొత్తవి వేశారు, ఎండ పడేసరికి ఆ గీకేసిన గీతలే ఎక్కువ మెరుస్తున్నాయి, కారు వాటినే పట్టుకుని మెల్లగా ఎడమవైపు కాంక్రీట్ గోడ మీదకి జరుగుతోంది. "ఒరేయ్ ఒరేయ్, గోడ!" అని నాన్న అరిస్తే గానీ నాకు తెలీలేదు. గబుక్కున స్టీరింగ్ తిప్పేశా, ఏమీ కాలేదు, కానీ ఇంటికొచ్చి కూర్చున్నాక కూడా చేతుల వణుకు తగ్గలేదు.

ఫోన్ చూస్తూ ఉండుంటే ఇంత భయపడేవాణ్ణి కాదేమో, తప్పు ఎక్కడో తెలిసిపోయేది. నేను చూస్తూనే ఉన్నా, అయినా చూడలేదు. అదే నన్ను వదలట్లేదు.

మా నాన్న నరసరావుపేట డిపోలో ముప్పై ఏళ్ళు ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. అమెరికాలో స్టీరింగ్ ముట్టుకోలేదు గానీ పక్క సీట్లో కూర్చున్నా రోడ్డు మీదనుంచి చూపు తిప్పడు, మాట్లాడేటప్పుడు కూడా నా వైపు తిరగడు. ఆ రాత్రి అన్నం తింటూ చెప్పాడు, దోర్నాల ఘాట్‌లో ఏ డ్రైవరూ నిద్రపోడంట, హైదరాబాద్ నైట్ సర్వీస్‌లో నార్కట్‌పల్లి దాటి నాలుగు లైన్ల రోడ్డెక్కాకే అసలు గండం అంట. "గుంటల్లేవు, మలుపుల్లేవు, చేతికి పని లేదు, చేతికి పని లేకపోతే బుర్ర ఎక్కడికో పోద్దిరా. అందుకే కండక్టర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏదో ఒకటి మాట్లాడించేవాణ్ణి."

నాన్న చెప్పింది 1948లోనే బ్రిటన్‌లో నార్మన్ మ్యాక్‌వర్త్ అనే సైకాలజిస్టు ప్రయోగం చేసి చూపించాడు. యుద్ధంలో రాడార్ స్క్రీన్ ముందు కూర్చున్న వాళ్ళు సిగ్నల్స్ ఎందుకు మిస్ అవుతున్నారో తెలుసుకోడానికి, గడియారం లాంటి దాని ముందు రెండు గంటలు కూర్చోబెట్టేవాడు, ముల్లు ఎప్పుడో ఒకసారి రెండు అంగలు ఒకేసారి వేస్తుంది, అది కనిపెట్టి చెప్పాలి, అంతే పని. మొదటి అరగంటకే జనం మిస్ అవ్వడం మొదలుపెట్టారు. ఎప్పుడో ఒకసారి జరిగేదాని కోసం ఊరికే చూస్తూ కూర్చోవడం మనిషి వల్ల అయ్యే పని కాదు, మరి లెవెల్ 2 కారు (స్టీరింగ్, స్పీడ్ తనే చూసుకునేది, కానీ గమనిస్తూ ఉండాల్సింది మనిషే) డ్రైవర్ని అడిగేది సరిగ్గా ఆ పనే. తొంభై తొమ్మిది సార్లు కారే చక్కగా చేసేస్తుంది, నూరోసారి నువ్వు ఒక సెకనులో లేచి పట్టుకోవాలి. సిస్టమ్ ఎంత బాగా పనిచేస్తే మన నమ్మకం అంత పెరుగుతుంది, చూపు అంత సడలుతుంది.

మా ఇంటికి దగ్గర్లోనే మౌంటెన్ వ్యూలో 2018 మార్చి 23న జరిగింది మళ్ళీ చదివా. టెస్లా మోడల్ ఎక్స్ ఆటోపైలట్‌లో 101 హైవే మీద వెళ్తూ, 85 హైవేకి ఎడమవైపు విడిపోయే చోట రెండు దారుల మధ్య ఖాళీ జాగాలోకి దూరింది, ముందు వెళ్ళే కారు అడ్డు లేకపోయేసరికి సెట్ చేసిన స్పీడ్ అందుకోడానికి గంటకి 62 మైళ్ళ నుంచి 71కి పెంచుకుంటూ పోయి డివైడర్‌కి గుద్దింది. గుద్దే ముందు ఆరు సెకన్లు స్టీరింగ్ మీద చేతుల జాడ లేదు, ఫోన్లో గేమ్ నడుస్తోందని అమెరికాలో రవాణా ప్రమాదాల్ని విచారించే సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. అదే చోట కారు పక్కకి లాగుతోందని ఆ డ్రైవర్ అంతకుముందే ఇంట్లో చెప్పుకున్నాడు కూడా. ఇంకోటి, దెబ్బ తగ్గించడానికి డివైడర్ ముందు పెట్టే క్రాష్ కుషన్ 11 రోజుల ముందు వేరే యాక్సిడెంట్‌లో నలిగిపోతే ఎవరూ మార్చలేదు. ఆయన చనిపోయాడు. అంతా డ్రైవర్ తప్పే అనేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, ఫోన్ పట్టుకోవడం తప్పే, ఒప్పుకుంటా, కానీ మనిషి చూపు నిలవదని తెలిసీ ఆ చూపు మీదే భారమంతా పెట్టిన డిజైన్ సంగతేంటి?

చాలా కార్లు స్టీరింగ్ మీద పడే చిన్న ఒత్తిడిని బట్టే డ్రైవర్ ఉన్నాడని లెక్కేసుకుంటాయి. చెయ్యి ఉంటే కన్నుందనా? కన్నుంటే మనసుందనా? నీళ్ళ బాటిల్ కట్టి మోసం చేసేవాళ్ళు ఎలాగూ ఉన్నారు. జీఎం సూపర్ క్రూజ్‌లో 2017 నుంచే ముఖం, కళ్ళు ఎటున్నాయో చూసే కెమెరా ఉంది, అది ఎంతో నయం. టెస్లా కూడా 2023 డిసెంబర్‌లో హెచ్చరికలు పెంచడానికి 20 లక్షలకి పైగా కార్లని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో రీకాల్ చెయ్యాల్సి వచ్చింది. కానీ నిజం చెప్పాలంటే ఆ రోజు సునోల్ దగ్గర నా కళ్ళు చూసిన ఏ కెమెరా అయినా అంతా బాగుందనే అనేది.

హైదరాబాద్‌లో మా బాబాయి కొడుకు కొత్తగా అడాస్ (డ్రైవర్‌కి సాయం చేసే ఇలాంటి సిస్టమ్స్) ఉన్న కారు కొన్నాడు, ఓఆర్ఆర్ మీద గంటకి 120 కిలోమీటర్ల స్పీడ్‌లో చేతులు వదిలేసి వీడియో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాడు, అందరూ చప్పట్ల బొమ్మలు. 120 అంటే సెకనుకి 33 మీటర్లు. రోడ్డు మీద ఆగి ఉన్న లారీని ఇలాంటి సిస్టమ్స్ చాలాసార్లు సరిగ్గా పట్టుకోలేవు, ఇక్కడ లైట్లు వేసుకుని ఆగిన ఫైరింజన్లనే గుద్దాయి, దాని మీద 2021లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఎంక్వైరీ కూడా వేసింది. మన దగ్గర టైలైట్ లేకుండా పక్కన ఆపిన ట్రాక్టర్ ట్రాలీ సంగతి చెప్పక్కర్లేదు. వాడికి ఫోన్ చేసి గంట మాట్లాడా, తమ్ముడూ ఎమర్జెన్సీ బ్రేక్ ఆన్‌లో ఉంచుకో, అది మంచిదే, చేతులు మాత్రం వదలకురా అని బతిమాలా. వీడియో తీసేశాడు.

నేనూ మార్చుకున్నా. క్రూజ్ వాడతా, స్టీరింగ్ మాత్రం నేనే పట్టుకుంటా, చేతికి పనుంటే బుర్ర ఉంటుంది కదా. శనివారం మళ్ళీ లివర్‌మోర్ వెళ్ళాం. వచ్చేటప్పుడు నాన్న ముందు సీట్లో కూర్చుని కండక్టర్ లాగా కబుర్లు మొదలుపెట్టాడు, సునోల్ రాగానే ఆపేసి డాష్‌బోర్డ్ వైపు చెయ్యి చూపించి "క్రూజ్ కూడా తీసెయ్" అన్నాడు. తీసేశా. మిషన్ బౌలవార్డ్ ఎగ్జిట్ వచ్చేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, గీతలే చూస్తూ వచ్చాం.