మూడో వారం: కీ ఎంత మిగిలిందో చెప్పే ముల్లు

పోయిన నెల ఆమదాలవలస ప్యాసింజర్ కోసం విజయనగరం స్టేషన్‌కి వెళ్తూ చూసుకుంటే ఏడూ పది. టైం ఉంది కదా అని టీ తాగాను. తాగాక చూస్తే అప్పుడూ ఏడూ పదే. బండి వెళ్లిపోయింది. ముందురోజు నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా వాచీకి కీ ఇవ్వడం మర్చిపోయాను. వాచీల్లో కీ ఎంతసేపు నిలుస్తుందో రాసుకునే ఈ లెక్క అప్పుడే మొదలుపెట్టాను.

ఆదివారం పొద్దున్న 6 గంటలకి జనతాకి బిగుసుకునే దాకా కీ ఇచ్చాను. అప్పుడప్పుడూ, సెకన్ల ముల్లు పన్నెండు దాటే క్షణంలో ఫోన్ టైంతో పోల్చి రాసుకున్నాను. మొదటి 24 గంటల్లో 9 సెకన్లు ముందుకెళ్లింది. తర్వాతి 12 గంటల్లోనే ఇంకో 14. సరిగ్గా 41 గంటలకి ఆగింది. స్ప్రింగ్ వదులయ్యే కొద్దీ అటూ ఇటూ ఊగుతూ టైం నడిపే బ్యాలెన్స్ చక్రం ఊపు తగ్గుతుంది, చిన్న చిన్న తేడాలు అప్పుడే బయటపడతాయి. వాచీ ఆగిపోకముందే టైం చెడుతుందన్నమాట. ఓడల్లో వాడిన రెండు రోజుల క్రోనోమీటర్ల (చాలా కచ్చితమైన గడియారాల) డయల్ మీద 56 గంటల దాకా చూపే ముల్లు ఉండేది. అయినా వాటికి రోజూ ఒకే వేళకి కీ ఇచ్చేవారు. ఎందుకో నాకిప్పుడు బాగా అర్థమైంది.

రెండో వాచీ ఓరియెంట్ స్టార్ ఆటోమేటిక్, అంటే చెయ్యి కదిలితే దాని స్ప్రింగ్ తనే చుట్టుకుంటుంది. దీనికి పన్నెండు కింద చిన్న ముల్లుంది, 50 గంటల్లో ఎన్ని మిగిలాయో చూపిస్తుంది. ఆటోమేటిక్‌కి ఈ ముల్లెందుకు, చేతికుంటే అదే నిండుతుంది కదా అంటారు చాలామంది. నేనూ అలాగే అనుకున్నాను. సోమవారం రోజంతా క్లాసుల్లో తిరిగాను, ముల్లు సాయంత్రానికి 30 నుంచి 40కి వచ్చింది. బుధవారం కూర్చుని పేపర్లు దిద్దాను. 35 దగ్గరున్నది రాత్రికి 25కి దిగింది, వాచీ చేతికే ఉన్నా!

ఇంకో సంగతి వేలికి తెలిసింది. జనతా నిండితే కీ బిగుసుకుంటుంది, వేలే చెప్పేస్తుంది. ఆటోమేటిక్‌లో నిండాక స్ప్రింగ్ చివర, అది ఉండే డబ్బా (బ్యారెల్) గోడ మీద జారుతుంది, ఎంత తిప్పినా కీ ఆగదు. నిండిందని చెప్పేది ఆ ముల్లొక్కటే. నా మటుకు దాని అసలు ఉపయోగం ఇదే.

ఈ వారం నుంచి జనతాకి రోజూ 6 గంటలకి కీ. ఓరియెంట్ ముల్లు 25 కిందకి దిగితే పది తిప్పులు ఇచ్చి, ఎంత పైకి కదిలిందో రాయాలి.