అమ్మ కెంపు ఉంగరం, నిమ్మరసం, మద్రాసు ల్యాబ్ – నా అనుభవం

మాది గూడూరు. అమ్మ జాతకంలో రవి బలంగా లేడని అయ్యవారు చెప్తే రెండేళ్ల కింద నెల్లూరులో ఒకాయన దగ్గర కెంపు కొన్నా, ఐదు క్యారెట్ల పైన ఉంది, పదకొండు వేలు తీసుకున్నాడు, పంచలోహంలో పొదిగించి అమ్మ వేలికి పెట్టాం. చూసినోళ్ళంతా బర్మాదా అని అడిగేవాళ్ళు, అంత ఎరుపు.

మొన్న సంక్రాంతికి ముందు ఉంగరం నల్లబడిందని అమ్మ రాత్రి నిమ్మరసంలో వేసి పొద్దున తీసింది. రాయి మీద వెంట్రుకల్లాగా తెల్ల గీతలు. ఇంక చూడండి, నా చేతులారా పాడుచేసుకున్నానే, కీడు జరుగుతుందేమో అని అమ్మ సరిగ్గా అన్నం కూడా తినలేదు. నాకు బాధేసింది, డబ్బు గురించి కాదు.

ఆచారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన భూతద్దం పెట్టి చూసి, "నిమ్మరసం కెంపునేం చేస్తుందబ్బయ్యా, వజ్రం తర్వాత అంత గట్టి రాయి ఇదే గదా, దీంట్లో ఏదో నింపారు, ల్యాబ్‌లో చూపించు" అన్నాడు. రాయి ఊడదీసి ఇచ్చాడు, విడిరాయి అయితేనే బాగా తెలుస్తుందంట.

పినాకిని ఎక్కి మద్రాసు పోయా. పోతా పోతా నాన్న పెట్టెలో ఉన్న ఇంకో రాయి కూడా జేబులో వేసుకున్నా, నాన్న సైదాపురం మైకా గనుల్లో పనిచేసేటప్పుడు తెచ్చుకున్నది, లేత నీలం ఆకుపచ్చ కలిసిన ముక్క, అదేందో మాకెవరికీ తెలీదు.

ల్యాబ్‌లో ముందు తూకం వేసి రసీదు ఇచ్చారు, సాయంత్రం రమ్మన్నారు. వెళ్ళేసరికి అక్కడ పనిచేసే అమ్మాయి నన్ను కూర్చోబెట్టి మైక్రోస్కోప్‌లో చూపించింది, ఇది మాత్రం నేను మర్చిపోలేను. రాయి లోపల బీటల్లో గుండ్రటి గాలిబుడగలు, రాయిని కొంచెం తిప్పితే బీట వెంట నీలం మెరుపు. రాయి కెంపే, గానీ బీటలన్నీ సీసం కలిపిన గాజుతో నింపారు. నిమ్మరసానికి తినిపోయింది ఆ గాజు, కెంపు కాదు. కెంపంటే అల్యూమినియం ఆక్సైడే, క్రోమియం వల్ల ఎరుపొస్తుంది, అదే రాయిలో ఇనుము టైటానియం ఉంటే నీలం అవుతుందంట, కెంపూ నీలమూ ఒకే జాతి అని నాకు అప్పుడే తెలిసింది.

మరి మా రాయి యాడ నుంచి వచ్చిందమ్మా అని అడిగా. ఇంతగా నింపిన రాయికి ఊరు చెప్పలేమండీ అంది, గానీ దారి మొత్తం చెప్పింది. ఒకప్పుడు కెంపంటే బర్మాలో మొగోక్, ఇప్పుడు ఎక్కువగా మొజాంబిక్‌లో మాంటెప్యూజ్, అక్కడ 2009లో బయటపడ్డాయి, 2014 నుంచి పెద్ద గనివాళ్ళు ముడిరాళ్ళని వేలం పాడుతున్నారు. అవి మంచి రాళ్ళు. బీటలు పడి, మసగ్గా, దేనికీ పనికిరాని సరుకు కూడా ఉంటుంది గదా, మడగాస్కర్‌లో అట్లాంటివి బాగా దొరికాయి, 2004 ఆ ప్రాంతంలో థాయ్‌లాండ్‌ వాళ్ళు గాజు నింపి వాటిని ఎర్రగా మెరిపించడం మొదలుపెట్టారు. చాంతబురి అని అక్కడో ఊరు, రాళ్ళు కాల్చడానికి పెట్టింది పేరు. శ్రీలంకలో రత్నపుర గుంతల్లో కంకర కడిగి తీసే పాలరంగు గ్యూడా రాళ్ళని 1970ల్లో వీళ్ళే కొనుక్కుపోయి కొలిమిలో కాల్చి నీలాలు చేశారంట. ఆ తర్వాత జైపూర్ లాంటి చోట్ల సాన పట్టే వాళ్ళు, లాట్లుగా కొనే వాళ్ళు, మన ఊరి అంగడి.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. కాల్చడం తప్పు కాదు, కాల్చిన రంగు పోదు, బజార్లో కెంపులు నీలాలు చాలావరకు కాల్చినవే, ఆ సంగతి చెప్పి అమ్మితే చాలు. గాజు నింపింది అట్లా కాదు, పులుపు తగిలినా, ఆచారి మంట తగిలినా పోతుంది, విలువ కూడా ఎన్నో రెట్లు తక్కువ. కాల్చేవాడికి తెలుసు ఏం చేశాడో, చేతులు మారేకొద్దీ ఆ మాట ఎవరో ఒకరు మింగేస్తారు, మన దాకా వచ్చేసరికి "జాతి కెంపు సార్" ఒక్కటే మిగుల్తుంది.

రిపోర్ట్ తీసుకుని అమ్మినాయన దగ్గరికి పోతే నాకూ లాట్‌లో అట్లానే వచ్చింది అన్నాడు. బిల్లు చూస్తే దాంట్లో "రెడ్ స్టోన్" అని మాత్రమే ఉంది, కెంపు అన్న మాటే లేదు, నేను ఆ రోజు చదవలేదు. మూడుసార్లు తిరిగితే ఏడు వేలు ఇచ్చాడు.

నాన్న రాయి బెరిల్ అంట, పచ్చ, ఆక్వామెరీన్ ఆ కుటుంబంవే. నిండా బీటలు, సానకి పనికిరాదు, ధర ఏమీ రాదన్నారు. అయినా దాన్ని ఎవరూ కాల్చలేదు, నింపలేదు, గని నుంచి నేరుగా నాన్న జేబులోకి వచ్చింది.

రిపోర్ట్ మొత్తం అమ్మకి తెలుగులో చదివి వినిపించా, నీ నిమ్మరసం తప్పేం లేదమ్మా అని రెండుసార్లు చెప్పా. ఆ రాత్రి అన్నం తినింది. కెంపు మాత్రం మళ్ళీ కావాలంటోంది, చిన్నదైనా పర్లేదంట. ఒంగోలులో ఒకటి, నెల్లూరులో రెండు అంగళ్ళలో అడిగా, బిల్లులో సహజమైన కెంపు అనీ, కాల్చిందా లేదా, గాజు నింపారా లేదా అనీ రాసిస్తారా అని. ఒక్కరే ఒప్పుకున్నారు. వచ్చే వారం అమ్మని తీసుకుని అక్కడికే పోతున్నా.